క్లాసులో చదివిన అకౌంట్స్, ఎంఐఎస్ ఇంట్లో ఎలా వాడాలి: మొదటి పేజీ నుంచి నెలాఖరు లెక్క దాకా

హన్మకొండ, వరంగల్, కాజీపేట కాలేజీల్లో బీకాం కంప్యూటర్స్, బీబీఏ, ఎంబీఏ చదివే చాలామందికి క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అంటే పరీక్షలో వచ్చే ఒక ప్రశ్న, నార్మలైజేషన్ అంటే ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు టెన్షన్. అదే పిల్లల ఇళ్లలో జూన్ రాగానే ఫీజు కోసం రెండు రూపాయల మిత్తికి అప్పు తెస్తారు, ఆధార్‌లో పేరు ఒకలా పదో తరగతి మెమోలో ఇంకోలా ఉందని మీసేవ చుట్టూ తిరుగుతారు. ఈ కష్టాలకు మందు ఆ సిలబస్‌లోనే ఉంది. కామర్స్, మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (ఎంఐఎస్) చదివిన మనిషి ఒక్కరున్నా ఆ ఇంట్లో మిత్తి కట్టే పైసలు, కాగితాల కోసం తిరుగుడు తగ్గాలని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఇది రాస్తున్నా.

కావాల్సింది ఒక లాంగ్ నోట్‌బుక్, ఫోన్‌లో ఏదో ఒక స్ప్రెడ్‌షీట్ యాప్. మొదటి రెండు మెట్లు మాత్రం వదిలేయకండి, మిగతావి మీ ఇంటి అవసరాన్ని బట్టి ముందూ వెనకా చేసుకోవచ్చు.

మొదట నిర్ణయాలు రాయండి, ఖర్చులు తర్వాత

ఇంటి లెక్క రాద్దామని కూర్చున్న ప్రతి ఒక్కరూ టీ పది, కొత్తిమీర పది, ఆటో ముప్పై అని మొదలుపెడతారు. రెండు వారాలకే పుస్తకం అటకెక్కుతుంది. కారణం బద్ధకం కాదు, ఆ అంకెలు చూసి ఎవరూ ఏ పనీ మార్చుకోరు కాబట్టి. ఎంఐఎస్ మొదటి యూనిట్‌లో డేటాకు, ఇన్ఫర్మేషన్‌కు తేడా చదివారు కదా, ఇంట్లో దానికి అర్థం ఒక్కటే: ఒక నిర్ణయం తీసుకునేటప్పుడు పనికొస్తేనే అది ఇన్ఫర్మేషన్, లేకపోతే రాసిన చేతి నొప్పి తప్ప ఏమీ మిగలదు.

కాబట్టి మొదటి పేజీలో వచ్చే ఆరు నెలల్లో మీ ఇల్లు తీసుకోబోయే నిర్ణయాలు రాయండి. చిట్టీ ఈసారి పాడాలా, ఆగాలా. తమ్ముణ్ని హాస్టల్లో వేయాలా, బస్సు పాస్‌తో నడిపించాలా. బ్యాంకులో పెట్టిన బంగారం విడిపించాలా, రెన్యువల్ చేయాలా. పత్తి ఇప్పుడే అమ్మాలా, ధర కోసం ఆపాలా. ఒక్కో దాని పక్కన మూడు గళ్లు గీయండి: ఏం తెలియాలి, ఎవరికి తెలుసు, ఎప్పటిలోగా తెలియాలి.

పత్తి సంగతే చూద్దాం, మన జిల్లాల్లో ప్రతి ఏడూ వచ్చే తగాదా ఇది. ఇంట్లో 20 క్వింటాళ్లు ఉంది, పెట్టుబడికి తెచ్చిన అప్పు 60,000, రెండు రూపాయల మిత్తి అనుకోండి. అంటే పత్తి ఇంట్లో ఉన్న ప్రతి నెలకు 1,200 మిత్తి పెరుగుతోంది. దాన్ని 20 క్వింటాళ్లకు పంచితే క్వింటాకు 60 రూపాయలు. అంటే నెలకు క్వింటా మీద కనీసం 60 పెరగకపోతే ఆగినందుకు చేతి నుంచి పోయినట్టే. దీనికి తేమ లెక్క కూడా కలపాలి. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) మద్దతు ధర పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతం దాటకూడదు, 12 శాతం దాకా కొంత కోసి కొంటారు, ఆపైన కొనరు. ఆరబెడితే ధర పెరుగుతుంది, తూకం తగ్గుతుంది. ఇప్పుడు "ఏం తెలియాలి" అన్న గడిలో ఏం రాయాలో తెలిసిపోయింది: వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధర, తేమ శాతం, ఆటో లేదా డీసీఎం వ్యాను కిరాయి, నెల మిత్తి. ఈ నాలుగు అంకెలు ముందు పెట్టుకుంటే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. పాత తక్ పట్టీలు (మార్కెట్‌లో అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీలు) పారేయకుండా పిన్ను కొట్టి పెట్టండి, పోయిన ఏడు ఏ తారీఖున ఎంతకు అమ్మామో వాటిలోనే ఉంటుంది.

"ఎవరికి తెలుసు" అన్న గడిలో చాలాసార్లు అమ్మ పేరే వస్తుంది. సిస్టమ్ అనాలిసిస్‌లో రిక్వైర్‌మెంట్స్ సేకరించడం అని చదివింది ఇక్కడ వాడాలి. ఆమె దగ్గర కూర్చుని అడగండి, మధ్యలో సరిచేయకండి. సిలిండర్ ఎప్పుడు బుక్ చేయాలో ఎట్ల తెలుస్తదమ్మా అంటే, "పోయిన అమావాస్యకు పెట్టిన బిడ్డా, మల్ల అమావాస్య దాటంగనే చెప్పాలె" అంటుంది. ఇంట్లో ఇప్పటికే ఒక సిస్టమ్ నడుస్తోంది, కాకపోతే అది ఒక్క మనిషి తలలో ఉంది. మీ పని దాన్ని తీసేయడం కాదు, ఆమెకు జ్వరం వచ్చిన వారం కూడా అది నడిచేలా చూడడం.

పన్నెండు గళ్ల కాగితం

నన్నడిగితే బీకాం మొత్తంలో ఇంటికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే పాఠం ఇదే: లాభం వేరు, చేతిలో నగదు వేరు. ఏడాదికి 3,00,000 ఆదాయం, 2,70,000 ఖర్చు ఉన్న ఇల్లు అనుకోండి. కాగితం మీద 30,000 మిగులు. కానీ ఆదాయంలో ఎక్కువ భాగం పత్తి, వరి అమ్మాక నవంబరు నుంచి జనవరి మధ్యలో వస్తుంది, ఫీజులు జూన్‌లో, విత్తనాలు, మందు బస్తాలు, కైకిళ్లు జూన్ నుంచి ఆగస్టు దాకా. జులైలో 60,000 అప్పు తెచ్చి ఆరు నెలలకు తీరిస్తే రెండు రూపాయల చొప్పున మిత్తి 7,200. ఏడాది మిగులులో దాదాపు పావు వంతు. ఈ ఇంట్లో ఎవరూ దుబారా చేయలేదు, వచ్చే నెల, పోయే నెల కలవలేదు, అంతే.

ఒక కాగితం అడ్డంగా పెట్టి పన్నెండు నిలువు గళ్లు గీయండి. వ్యవసాయం ఉన్న ఇల్లయితే ఏప్రిల్ నుంచి కాకుండా మిరుగు నుంచి, అంటే జూన్ నుంచి మొదలుపెట్టండి, ఇంటి ఏడాది అక్కడే మొదలవుతుంది. జీతం ఇల్లయితే ఏప్రిల్ బాగుంటుంది. అడ్డంగా నాలుగు వరుసలు: నెల మొదట చేతిలో ఉన్నది, వచ్చేది, పోయేది, నెలాఖరుకు మిగిలేది. మిగిలిందే పక్క నెల మొదటి గడిలోకి వెళ్లాలి. చిట్టీ వాయిదా, పాలు, కరెంటు లాంటివి ప్రతి నెలా రాయండి. బతుకమ్మ, దసరా, బోనాలు, బంధువుల పెళ్లిళ్లకు పెట్టుపోతలు, ఏడాదికోసారి కట్టే ఎల్‌ఐసీ ప్రీమియం, బండి ఇన్సూరెన్స్ మాత్రం అవి పడే నెల గడిలోనే రాయాలి, వీటిని మర్చిపోవడం వల్లే చాలా బడ్జెట్లు తలకిందులవుతాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి, అది ఉన్న ఏడాది మాఘమాసం వచ్చే గడిలో బంగారం, అంటే బెల్లం తూకం నుంచి బండి కిరాయి దాకా ఒక అంకె వేయండి.

నెలాఖరు మిగులు సున్నా కిందికి పోయిన గళ్లకు ఎర్ర పెన్ను పెట్టండి. ఇప్పుడు మూడు దారులున్నాయి. పోయే పైసలు వెనక్కి జరపడం: కాలేజీలో ఫీజు రెండు మూడు వాయిదాల్లో కడతామని మే నెలలోనే దరఖాస్తు పెట్టుకుంటే జూన్‌లో బతిమిలాడే పని తగ్గుతుంది. వచ్చే పైసలు ముందుకు తేవడం: మనకు రావాల్సిన చేబదుళ్లు, కిరాయిలు, కూలి బాకీలు ఒక పేజీలో రాసి నెల దాటినవి, రెండు నెలలు దాటినవి, మూడు నెలలు దాటినవి అని విడదీయండి, క్లాసులో దీన్నే ఏజింగ్ అన్నారు. మూడోది, నాకు బాగా నచ్చేది: జనవరిలో పంట పైసలు వచ్చినప్పుడే జూన్ ఫీజు మొత్తాన్ని ఐదు నెలల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడం. మొదటి ఏడాది మొత్తం కుదరకపోతే సగం చేయండి, ఆ సగానికైనా మిత్తి తప్పుతుంది.

అన్ని మిత్తులనూ ఒకే కొలతలోకి తెండి

అప్పు ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో భాషలో చెప్తారు. ఊళ్లో రెండు రూపాయలంటారు, ఫైనాన్స్ కంపెనీ 12 శాతం ఫ్లాట్ అంటుంది, బ్యాంకు ఏడాది శాతం అంటుంది, షాపు అసలు మిత్తే లేదంటుంది. పోల్చాలంటే అన్నిటినీ ఏడాదికి, తగ్గే అసలు మీద ఎంత శాతం అన్న లెక్కలోకి మార్చాలి.

రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. మిత్తి కట్టకుండా ఏటా అసలులో కలుపుకుంటూ పోతే, 72ని ఏడాది మిత్తి శాతంతో, అంటే 24తో భాగించండి, మూడేళ్ల చుట్టుపక్కల అప్పు రెట్టింపు అవుతుంది. బండి లోన్ లక్షకు 12 శాతం ఫ్లాట్, రెండేళ్లు అంటే మిత్తి 24,000, నెలకు 5,167 వాయిదా. చూడటానికి ఊరి మిత్తిలో సగమే అనిపిస్తుంది. కానీ మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా మిత్తి మాత్రం మొత్తం లక్ష మీదే వేస్తున్నారు, నిజం లెక్క తీస్తే అది ఏడాదికి దాదాపు 21.5 శాతం. షోరూంలో సంతకం పెట్టేముందు "తగ్గే అసలు మీద ఎంత పడుతుంది సార్" అని ఒక్క మాట అడగండి, కాగితం మీద రాసివ్వమనండి.

ఉద్దెర కూడా అప్పే. పురుగుమందు నగదుకు 1,000, పంట వచ్చాక ఐదు నెలలకు కడితే 1,100 అన్నారంటే ఆ వంద ఐదు నెలల మిత్తి, సరిగ్గా రెండు రూపాయల లెక్కే. మంచిదో చెడ్డదో తర్వాత సంగతి, ముందు ఆ రెండు ధరలూ అడిగి రాసుకోండి.

చిట్టీ లెక్క కొంచెం చిక్కు. ముందు ఎత్తితే అది అప్పు, చివరిదాకా ఆగితే పొదుపు, రెండూ ఒకే పుస్తకంలో ఉంటాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరుస తీసుకుని నెలనెలా మీరు నిజంగా కట్టిన మొత్తాన్ని మైనస్‌గా, ఎత్తిన నెలలో చేతికొచ్చిన దాంట్లోంచి ఆ నెల వాయిదా తీసేసి ప్లస్‌గా రాయండి. కింద ఐఆర్ఆర్ (కట్టింది, వచ్చింది చూసి మిత్తి శాతం తేల్చే) ఫార్ములా వేస్తే నెల శాతం వస్తుంది, దాన్ని 12తో గుణించండి. ముందు ఎత్తిన వాళ్లకు అది అప్పు మీద పడే శాతం, చివరి వాళ్లకు పొదుపు మీద వచ్చే శాతం. ఒకటి గుర్తుంచుకోండి, 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీలో ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవాళ్లు) కమీషన్ చిట్టీ మొత్తంలో 7 శాతం మించకూడదు, 2019 సవరణకు ముందు అది 5 శాతం ఉండేది. నోటి మాట మీద నడిచే చిట్టీలో నిర్వాహకుడు మాయమైతే ఆ చట్టం రక్షణ మీకు దొరకదు, ఎంత దగ్గరి వాళ్లు నడిపినా సరే.

అన్నీ ఒక షీట్ మీద పెట్టాక శాతం ఎక్కువ ఉన్న అప్పు పైన, తక్కువ ఉన్నది కింద. వాయిదాలన్నీ కట్టాక మిగిలే ప్రతి రూపాయి పైనున్న అప్పుకే పోవాలి. ఎక్కువసార్లు ఫోన్ చేసే వాళ్లకు ముందు తీర్చడం మన ఇళ్లలో అలవాటు, కానీ బ్యాంకు బంగారం లోన్ విడిపించి ఊరి మిత్తి అలాగే ఉంచితే నష్టం మనకే.

సరుకుల సంగతి క్లుప్తంగా

ఏబీసీ అనాలిసిస్, అంటే ఎక్కువ ఖర్చయ్యేవి పైన, తక్కువవి కింద పెట్టి చూసే పద్ధతి, ఇంటికి వేస్తే ఖర్చులో పెద్ద భాగం నాలుగైదు పేర్ల దగ్గరే తేలుతుంది: కిరాయి, ఫీజు, వాయిదాలు, ఆసుపత్రి, శుభకార్యాలు. వాటి మీద ఒక గంట కూర్చోవడం టమాటా బేరం మీద నెలంతా కొట్లాడటం కంటే మేలు.

రీఆర్డర్ పాయింట్, అంటే ఎంత మిగిలినప్పుడు మళ్లీ కొనాలో చెప్పే లెక్క, మాత్రం మందుల విషయంలో తప్పకుండా వాడండి. రోజు వాడకాన్ని తెచ్చుకోవడానికి పట్టే రోజులతో గుణించి, జాగ్రత్త నిల్వ కలపాలి. ఊళ్లో ఉండే నాయనమ్మకు రోజుకు రెండు బీపీ గోళీలు, హన్మకొండ నుంచి పంపడానికి మూడు రోజులు, జాగ్రత్తకు ఐదు రోజులు అంటే 16 గోళీలు మిగిలినప్పుడే కొత్తవి కొనాలి. ఆ పదహారు గోళీలను విడిగా చిన్న కవర్‌లో పెట్టి స్టేప్లర్ కొట్టండి, కవర్ విప్పిన రోజు ఫోన్ చేయమని చెప్పండి. చదువు రాకపోయినా నడుస్తుంది. జాతర సమయంలో బస్సులు మేడారం వైపు మళ్లుతాయి కాబట్టి ఆ నెలలో మూడు రోజులను వారం అనుకుని లెక్క మార్చండి.

పేర్లు, కాగితాలు: ఒక విషయం ఒకే చోట

కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ 1970లో డేటాబేస్‌ల రిలేషనల్ మోడల్ మీద పేపర్ రాశాడని, దాని నుంచే నార్మలైజేషన్ వచ్చిందని చదువుకున్నాం. అందులో ఇంటికి కావాల్సిన ముక్క: ఒక విషయం ఒకే చోట ఉండాలి, మిగతావన్నీ దాన్నే చూడాలి. మన ఇళ్లలో ఒకే మనిషి పేరు నాలుగు చోట్ల నాలుగు రకాలు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అప్లికేషన్ రాసినవాళ్లు ఒకచోట ఇంటిపేరు మొత్తం రాస్తారు, ఇంకోచోట ఒక్క అక్షరం పెడతారు, మరోచోట చివర తోస్తారు. పాన్ కార్డుకేమో పొడి అక్షరాలు కుదరవు, పేరు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. స్కాలర్‌షిప్ ఆగడం, పాస్‌బుక్‌లో పైసలు పడకపోవడం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

ఒక్క ఆదివారం కేటాయించండి. ఇంట్లో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. వరుసగా పదో తరగతి మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్ పెట్టి, ప్రతి దాని మీద ఇంగ్లిష్‌లో అచ్చయిన పేరును అక్షరం అక్షరం, చుక్కలు, ఖాళీలతో సహా చూసి రాయండి. గుర్తున్నదాన్ని బట్టి రాయకండి. పక్కన పుట్టిన తేదీ, లింక్ ఉన్న ఫోన్ నంబరు, గడువు తేదీ, కాగితం ఏ సంచిలో ఉందో రాయండి. చదువుకున్నవాళ్లకు పదో తరగతి మెమోనే మూలం అనుకోండి, మార్చడం అన్నిటికంటే కష్టం దాన్నే కాబట్టి. మిగతావాటిని దానికి సరిపోయేలా ఒక్కొక్కటిగా దిద్దించుకోండి, అడ్మిషన్ల హడావుడి లేని నెలల్లో. ఆధార్ నంబరు మొత్తం పుస్తకంలో రాయొద్దు, చివరి నాలుగు అంకెలు చాలు. జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే, ఒప్పుకునే చోట మాస్క్‌డ్ ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి.

బ్యాకప్‌కు మూడు, రెండు, ఒకటి అన్న సూత్రం: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు నీట మునిగాయి, 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల పైకప్పులు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అలాంటప్పుడు బీరువాలో ఒరిజినల్, బీరువాలోనే జిరాక్స్ ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. ఒరిజినల్స్ జిప్ కవర్‌లో పై అరలో, జిరాక్స్ సెట్టు మేనమామ ఇంట్లోనో అక్క ఇంట్లోనో, స్కాన్ డిజీలాకర్‌లో. ఫోన్‌లో ఫొటో తీసుకుంటే ఫైలుకు పేరు పెట్టండి: మనిషి పేరు, కాగితం పేరు, ఏడాది. వాట్సాప్‌లో వెతుక్కోవడాన్ని బ్యాకప్ అనరు.

తాళాలు ఎవరి దగ్గర

బాపు ఫోన్‌కే బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగ్ అన్నీ వస్తాయా? ఆ నంబరు రీచార్జ్ లేక ఆగిపోతే ఇల్లంతా ఆగుతుంది. ఆ సిమ్‌కు రీచార్జ్ తేదీని పన్నెండు గళ్ల కాగితంలో ఎక్కించండి. ప్రతి ఖాతాకూ నామినీ ఉన్నారో లేదో పాస్‌బుక్ పట్టుకెళ్లి అడగండి, 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఈ మాట ఎత్తితే అశుభం అనుకునే పెద్దలుంటారు, మెల్లగా చెప్పండి, కానీ చెప్పడం మానకండి.

యూపీఐ గురించి ఇంట్లో అందరికీ ఒక్క వాక్యం నేర్పండి: పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ అడిగారంటే పోతున్నట్టే. మోసం జరిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఎంత ఆలస్యమైతే ఆపే అవకాశం అంత తగ్గుతుంది. ఆ నంబరు ఫ్రిజ్ మీద రాసి పెట్టండి.

రూంలో ఉండే పిల్లలకు బ్రేక్ ఈవెన్

హన్మకొండ నయీంనగర్ వైపు రూం తీసుకున్న ముగ్గురు మెస్‌కు పోవాలా, వండుకోవాలా అని ఆలోచిస్తున్నారు. మెస్ మనిషికి నెలకు 3,000, వండుకుంటే 2,100, స్టవ్వు, కుక్కర్, గిన్నెలకు మనిషికి 3,600 అనుకోండి. నెలకు మిగిలేది 900, నాలుగు నెలలకు పెట్టుబడి తిరిగొస్తుంది, అదే బ్రేక్ ఈవెన్. సెలవులు, ప్రిపరేషన్ హాలిడేస్ తీసేసి ఏడాదిలో ఎనిమిది నెలలు రూంలో ఉంటే లాభమే. కానీ రోజుకు గంట పోతుంది, ఆ గంటలో మీరు ట్యూషన్ చెప్పగలరా, కానిస్టేబుల్ పరీక్షకు చదవగలరా అన్నది కూడా ఖర్చే. ఫైనలియర్ రెండో సెమిస్టర్‌లో అయితే నేను మెస్సే అంటాను. ఇప్పటికే మెస్‌కు అడ్వాన్స్ కట్టేశాం కదా అని బాగోలేని తిండి తింటూ కూర్చోకండి, తిరిగి రాని ఆ పైసలను ఇప్పటి లెక్కలోకి తేవొద్దు.

ఇంట్లో మొదలుపెట్టే పద్ధతి, నెల లెక్క

పాత పద్ధతిని ఒక్కరోజులో తీసేసి కొత్తది పెడితే మంచి కంపెనీల్లోనే గొడవలవుతాయి. ఇంట్లో పైలట్ (ముందు ఒక్క చోట చిన్నగా), ప్యారలల్ (పాతదీ కొత్తదీ పక్కపక్కన) పద్ధతులే నడుస్తాయి. మొదటి నెల ఒక్క మందుల కవర్‌తోనో కాగితాల పేజీతోనో మొదలుపెట్టండి, దాని వల్ల ఒక్క పని సులువైతే మిగతాది వాళ్లే అడుగుతారు. అమ్మ లెక్క నోటితో, మీ లెక్క కాగితంతో రెండు మూడు నెలలు పక్కపక్కన నడవనివ్వండి, తేడా వస్తే ముందు మీ కాగితమే మళ్లీ చూడండి. "మొన్నటి ఐదు వందలు ఎటు పోయినయి" అని నిలదీయడం మొదలుపెట్టారా, ఆ రోజు నుంచి మీకు నిజం అంకెలు రావు. చిన్న ఖర్చులకు ఎవరి వాటా వాళ్లకు ఇచ్చేసి లెక్క అడగకుండా ఉండటమే మంచిది.

నెలకోసారి, జీతం లేదా పాల బిల్లు వచ్చాక మొదటి ఆదివారం, అరగంట కూర్చోండి. పన్నెండు గళ్ల కాగితంలో పోయిన నెల అనుకున్న అంకె పక్కన జరిగిన అంకె రాయండి, పెద్ద తేడా ఉన్న రెండింటి గురించే మాట్లాడండి. అప్పుల షీట్‌లో శాతాలు మారాయేమో చూడండి. మొదటి పేజీలో తీసుకున్న నిర్ణయాలను కొట్టేసి కొత్తవి చేర్చండి. మూడు నెలలుగా ఏ నిర్ణయానికీ అక్కరకు రాని గడి ఏదైనా కనిపిస్తే దాన్ని రాయడం మానేసి, అదే చోట వచ్చే నిర్ణయానికి కావాల్సిన అంకెకు గడి గీయండి.